జెంటూలో వీడియో తడబాటు: ఏ కాలంలో ఏది కారణం

జెంటూ లాంటి, ప్రోగ్రాములను సోర్స్ నుంచి మనమే కంపైల్ చేసుకునే లైనక్స్‌లో వీడియో తడబడితే చాలామంది ముందు కంపైలర్ ఫ్లాగ్‌ల (కంపైలర్‌కు ఇచ్చే సెట్టింగుల) మీద పడతారు. ఆప్టిమైజేషన్ స్థాయి ఓ2 తీసి ఓ3 పెట్టి, సిస్టమ్ మొత్తం మళ్లీ బిల్డ్ చేస్తారు. అంత శ్రమా దాదాపు వృథా. జెంటూ 1.0 వచ్చిన 2002 నుంచీ అసలు కారణం చాలాసార్లు ఒకటే: బిల్డ్‌లో చేరాల్సిన ముక్క ఏదో చేరలేదు. ఆ ముక్క ఏదన్నది మాత్రం కాలంతో మారుతూ వచ్చింది.

మొదట్లో అది లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌లో ఉండేది. మదర్‌బోర్డు ఐడీఈ చిప్‌సెట్ డ్రైవర్ ఎంచుకోకపోతే హార్డ్ డిస్క్ డీఎంఏ (డేటా నేరుగా మెమరీకి చేరే పద్ధతి) లేకుండా, ప్రాసెసరే డేటాను మోయాల్సిన పీఐఓ మోడ్‌లో నడిచేది. ఫైల్ చదవడానికే ప్రాసెసర్ అలసిపోయేది.

తర్వాతి చిక్కు డిస్‌ప్లేది. 720×576 ఫ్రేమ్ వీడియో వాడే వైయూవీ రంగుల రూపంలో సుమారు 0.6 మెగాబైట్లు, స్క్రీన్ కోసం 32 బిట్ల ఆర్‌జీబీలోకి మారిస్తే 1.66. సెకనుకు 25 ఫ్రేములంటే 41 మెగాబైట్లు. ఈ పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించే ఎక్స్‌వీ సపోర్టు లేకుండా ఎంప్లేయర్ అనే వీడియో ప్లేయర్‌ను బిల్డ్ చేసుకుంటే ఈ మార్పిడీ, ఫుల్‌స్క్రీన్‌కి సాగదీయడమూ రెండూ ప్రాసెసర్ నెత్తినే పడేవి.

ఇప్పటికీ ఎక్కువమందిని పట్టుకునేది 2015 నాటి మార్పు. వీడియోను డీకోడ్ చేసే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ వేగంలో పెద్ద వాటా చేత్తో రాసిన అసెంబ్లీ కోడ్‌ది. ఓ3 దాన్ని తాకనే తాకదు. అంతకుముందు మామూలు యూజ్ ఫ్లాగ్‌లుగా (బిల్డ్‌లో ఏం చేరాలో చెప్పే జెంటూ సెట్టింగులుగా) ఉన్న ఎస్ఎస్ఈ, ఏవీఎక్స్ లాంటి ప్రాసెసర్ ప్రత్యేక ఆదేశాల పేర్లు ఆ ఏడాది సీపీయూ_ఫ్లాగ్స్_ఎక్స్86 అనే వేరే వేరియబుల్‌లోకి వెళ్లాయి. దాన్ని నింపకపోతే జెంటూ 64 బిట్ల ప్రొఫైల్ (డిఫాల్ట్ సెట్టింగుల సమితి) ఎస్ఎస్ఈ2 దాకానే ఇస్తుంది. ఏవీఎక్స్2 ఉన్న ప్రాసెసర్ కూడా పాత దారిలోనే డీకోడ్ చేస్తుంది. ప్రాసెసర్‌కు ఏమేం ఉన్నాయో చెప్పే సీపీయూఐడీ2సీపీయూఫ్లాగ్స్ నడిపి, అది చెప్పిన జాబితాను ప్యాకేజ్.యూజ్ సెట్టింగుల్లో పెట్టి, ప్యాకేజీలను బిల్డ్ చేసే ఎమర్జ్ కమాండ్‌ను ఛేంజ్‌డ్-యూజ్ ఆప్షన్‌తో నడపాలి.

గ్రాఫిక్స్ కార్డే వీడియోను డీకోడ్ చేసే హార్డ్‌వేర్ డీకోడింగ్‌ది మరో కథ. గ్రాఫిక్స్ డ్రైవర్ల సమాహారమైన మెసాలో 2022 నుంచి హెచ్.264, హెచ్.265 వీడియో ఫార్మాట్లను బిల్డ్ చేసేటప్పుడు ఎంచుకోవాల్సి వచ్చింది. ఏఎండీ కార్డున్నవాళ్లు మెసాకు ప్రొప్రైటరీ-కోడెక్స్ ఫ్లాగ్ ఉందో లేదో చూసుకోవాలి. అదొక్కటే చాలదు: ఎంపీవీ ప్లేయర్ తనంతట తాను హార్డ్‌వేర్ వాడదు, దాని హెచ్‌డబ్ల్యూడెక్ సెట్టింగుకు ఆటో-సేఫ్ ఇవ్వాలి.

ఏది లోపమో తేల్చడానికి ఎంపీవీలో షిఫ్ట్‌తో ఐ నొక్కితే వదిలేసిన ఫ్రేముల లెక్క రెండుగా కనిపిస్తుంది. డీకోడర్ వైపు పెరుగుతుంటే సీపీయూ ఫ్లాగ్‌లు, హెచ్‌డబ్ల్యూడెక్ చూడాలి. అవుట్‌పుట్ వైపు పెరుగుతుంటే ఓపెన్‌జీఎల్ రెండరర్ (తెరపై బొమ్మ గీసే డ్రైవర్) పేరు చూడాలి. అక్కడ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసరే చేస్తోంది. జెంటూ వీడియో_కార్డ్స్ సెట్టింగులో కార్డు పేరు తప్పయినా, కెర్నెల్‌లో దాని డ్రైవర్ లేకపోయినా, ఫర్మ్‌వేర్ లోడ్ కాకపోయినా ఇలాగే అవుతుంది.