కుక్క ఈనిన ఇంట్లో వినపడే మాటలు: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, సునాబెడ వైపు కుక్కల్ని పెంచే తెలుగువాళ్ళు తక్కువేమీ లేరు. సునాబెడ క్వార్టర్లలో ల్యాబ్రడార్లు, బజారు వీధుల్లో అందరూ ‘పమేరియన్’ అనే తెల్ల స్పిట్జ్‌లు, కల్లాల దగ్గర ఊరకుక్కలు. క్రాసింగ్ (జత కట్టించడం) కోసం సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించి తెచ్చేవాళ్ళూ ఉన్నారు. పశువైద్యుడిగా నేను చూసే కుక్కపిల్లల కేసుల్లో పట్టించుకోక పాడైనవి కొన్నే. ప్రేమ ఎక్కువై, పక్కింటివాళ్ళ మాట విని ఏదో ఒకటి తాగించి పాడైనవే ఎక్కువ. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా వాళ్ళ నోట వచ్చే మాటలు ఇంచుమించు ఇవే.

అపోహ: ఆడకుక్క ఒక్క ఈతైనా ఈనాలి, లేకపోతే జబ్బు చేస్తుంది.

పిల్లలు పుట్టనందువల్ల కుక్కకు ఏ జబ్బూ రాదు. గర్భసంచి ఉన్నన్నాళ్ళూ అందులో చీము పట్టే ప్రమాదం మాత్రం ఉంటుంది, ఈనినా సరే, ఈనకపోయినా సరే. పిల్లలు అక్కర్లేదనుకుంటే ఆపరేషన్ చేయించండి. మొదటి ఒకటి రెండు ఎదల (జతకు సిద్ధమయ్యే రోజుల) లోపే చేయిస్తే రొమ్ము గడ్డలు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. పెద్ద జాతులకు ఏ వయసులో చేయించాలో మీ డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి, కీళ్ళ సంగతి కూడా చూడాలి. పెంచదలచినవాళ్ళకు 2017 నాటి కేంద్ర నిబంధనలున్నాయి: 18 నెలలు నిండనిదే కట్టించకూడదు, వరసగా రెండు ఎదల్లో ఈనించకూడదు, జీవితంలో అయిదు ఈతలు మించకూడదు. అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఈ మాట చెబితే చాలామంది నవ్వి ఊరుకుంటారు.

అపోహ: రక్తం కనపడ్డాక తొమ్మిదో రోజున కట్టిస్తే చూలు ఖాయం.

క్యాలెండర్ చూసి కుక్క ఎదకు రాదు. రక్తస్రావం సగటున తొమ్మిది రోజులుంటుంది గానీ కొన్నింటికి నాలుగైదు రోజుల్లోనే ఆగిపోతుంది, కొన్నింటికి రెండు వారాలు దాటుతుంది. స్రావం ఎరుపు పోయి గడ్డి రంగుకు తిరగడం, నడుము దగ్గర తడితే తోక పక్కకు పెట్టి నిలబడడం, ఈ రెండూ చూడండి. ఒక రోజు విడిచి మరోసారి కలిపితే చాలు. మగకుక్క వీర్యం లోపల అయిదారు రోజులు కూడా బతికి ఉంటుంది కాబట్టి గంటల లెక్క అక్కర్లేదు. ఎదలో ఉన్న మూడు వారాలూ గేటు మాత్రం జాగ్రత్త. ఇద్దరు తండ్రుల పిల్లలు ఒకే ఈతలో పుట్టవచ్చు. అయితే “ఒకసారి ఊరకుక్క కలిసింది, ఇక దీని జాతి చెడిపోయింది” అనడం తప్పు. ఆ ఈత వరకే, వచ్చే ఈతకు దానితో సంబంధం లేదు.

కలిసి అతుక్కుపోయిన కుక్కల మీద నీళ్ళు కుమ్మరించడం, కర్రతో కొట్టడం మానండి. పావుగంట, అరగంటలో వాటంతట అవే విడిపోతాయి. బలవంతంగా లాగితే రెండింటికీ గాయాలవుతాయి.

అపోహ: చూలుకుక్కకు మొదటి నుంచీ క్యాల్షియం పోస్తే పాలు బాగా పడతాయి.

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే ఈ సీసా దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. రక్తంలో క్యాల్షియం తగ్గితే ఎముకల్లోంచి తీసి సర్దే పని మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులది. చూలుతో ఉన్న రెండు నెలలూ బయటి నుంచి క్యాల్షియం వచ్చిపడుతుంటే ఆ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. ఈనాక పాల ధార పెరిగి ఒక్కసారిగా క్యాల్షియం ఖర్చవుతుంటే వెంటనే అందుకోలేవు. అప్పుడొచ్చేదే ఎక్లాంప్సియా, పాలజ్వరం. ఈనాక రెండో వారం నుంచి నాలుగో వారం లోపే ఎక్కువగా వస్తుంది, అందులోనూ పిల్లలు ఎక్కువ పెట్టిన చిన్న జాతి కుక్కలకు.

ఒక స్పిట్జ్‌ని ఆటోలో దుప్పటిలో చుట్టి తెచ్చారు. నాలుక బయట పెట్టి ఆగకుండా రొప్పుతోంది, కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయి, దవడ టకటకా కొట్టుకుంటోంది. జ్వరం ఒళ్ళు కాలిపోయేలా ఉంది. “విషం పెట్టారేమో సార్, పొద్దున్న బాగానే ఉంది” అన్నాడు యజమాని. ఆయన భార్య మెల్లగా, “క్యాల్షియం కూడా మానలేదు డాక్టర్ గారూ, మొదటి నెల నుంచీ రోజూ రెండు చెంచాలు” అంది. దీనికి మందు క్యాల్షియమే. కానీ నరంలోకి, చుక్క చుక్కగా, గుండె మీద స్టెతస్కోప్ పెట్టి వింటూ ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది, అందుకే ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి. సీసా సగానికి వచ్చేసరికి దవడ చప్పుడు ఆగింది, తర్వాత కాళ్ళు వదులయ్యాయి. ఆ రోజంతా పిల్లల్ని తల్లి దగ్గరకు పోనివ్వొద్దని, డబ్బాపాలు పట్టమని చెప్పి పంపాను.

మరి చూలుకుక్కకు ఏం పెట్టాలి? ఆఖరి మూడు వారాల్లో మంచి పప్పీ ఫుడ్, లేదా మాంసం, గుడ్డు కలిపిన అన్నం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు. క్యాల్షియం ఈనాక, అదీ డాక్టర్ చెబితేనే.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని తినేస్తుంది.

తల్లికి అలవాటైన మనిషి ముట్టుకుంటే ఏమీ అనదు. వీధిలోవాళ్ళంతా వచ్చి చూస్తుంటే మాత్రం బెదిరి పిల్లల్ని నోట కరుచుకుని మూలమూలకూ తిరుగుతుంది, ఆ కంగారులోనే నష్టం జరుగుతుంది. ముట్టుకోవడం సరే, నేనైతే రోజూ తూచమంటాను. ఒక్కో పిల్ల మెడకు ఒక్కో రంగు ఊలుదారం వదులుగా కట్టి, వంటింటి కాటా మీద పెట్టి, బరువు రాసుకోండి. ఎనిమిది, పది రోజులకల్లా పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. పైకి అన్నీ ఒకేలా కనపడతాయి. పాలు అందని పిల్ల ఏదో కాటాయే ముందుగా చెబుతుంది.

అపోహ: తల్లికి పాలు లేకపోతే ఆవుపాలలో నీళ్ళు కలిపి పడితే చాలు.

కుక్కపాలలో ప్రొటీను, కొవ్వు రెండూ ఆవుపాలకు రెట్టింపు పైనే ఉంటాయి, లాక్టోజ్ మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. అంటే ఆవుపాలు పడితే బలం చాలదు, పైగా విరేచనాలు. నీళ్ళు కలిపితే ఉన్న బలం కూడా పోతుంది. కుక్కపిల్లల కోసమే చేసిన పాలపొడి మందుల షాపుల్లో దొరుకుతుంది. పట్టేటప్పుడు పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకండి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి తల కొంచెం పైకెత్తాలి. పట్టాక తడిదూదితో కింద తుడిస్తేనే మూత్రం, దొడ్డికి పోతాయి. తల్లి నాకి చేసే పని అది.

పాలకన్నా ముందు చూడాల్సింది వెచ్చదనం. మొదటి వారం కుక్కపిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు, వణకడం కూడా దానికి రాదు. కొరాపుట్ గట్టు మీద పుష్యమాసపు చలిలో సిమెంటు నేల మీద గోనెసంచి పరిస్తే సరిపోదు. పెట్టెలో 30 డిగ్రీల వేడి ఉండేలా పక్కన బల్బు పెట్టండి, వేడెక్కువైతే జరగడానికి ఒక పక్క చల్లగా వదలండి. చల్లబడిపోయిన పిల్లకు ముందు పాలు పట్టకండి, దాని పేగులు కదలవు. మెల్లగా వెచ్చబరిచి, కదలిక వచ్చాకే పాలు.

అపోహ: నెల దాటాక చోడంబలి (రాగి అంబలి) పోస్తే ఏనుగంత బలం.

చోళ్ళలో క్యాల్షియం ఉంది, కాదనను. కానీ ఎదిగే కుక్కపిల్లకు కావలసిన ప్రొటీను అంబలిలో లేదు. పొట్ట ఉబ్బి, కాళ్ళు సన్నబడి వచ్చే పిల్లల్ని చూసినప్పుడు నేను ముందు అడిగేది అంబలి గురించే. మూడున్నర, నాలుగు వారాల నుంచి పప్పీ ఫుడ్ నానబెట్టి గానీ, ఉడికిన కోడిమాంసం, గుడ్డు అన్నంలో మెత్తగా కలిపి గానీ పెట్టండి. ఉల్లిపాయ వద్దు.

పొట్ట ఉబ్బడానికి ఇంకో కారణం నులిపురుగులు. తీపి పెట్టినందువల్ల కాదు. తల్లి కడుపులో ఉండగానే, ఆ తర్వాత పాల ద్వారా కూడా, పిల్లలకు చేరతాయి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు మందు పడాలి, తల్లికి కూడా. ఈ పురుగు గుడ్లు ఇంట్లో మన పిల్లలకూ అంటుకుంటాయి.

అపోహ: పాలుతాగే కుక్కపిల్ల కరిస్తే రేబిస్ రాదు.

వస్తుంది. పిల్లకుక్కకు రేబిస్ ఉంటే దాని కాటూ ప్రాణాంతకమే. కారం, సున్నం పూయకుండా సబ్బుతో పదిహేను నిమిషాలు కారే నీళ్ళకింద కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు ఎప్పుడో పోయాయి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) తదితర టీకాలు ఆరేడు వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా. “తల్లికి వేయించాం కదా” అంటే కుదరదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాల్లో పోతుంది, ఉన్నంతసేపూ టీకాను పనిచేయనివ్వదు, అందుకే ఇన్నిసార్లు.

అపోహ: ముప్పై రోజులకే ఇచ్చేస్తే కొత్త ఇంటికి త్వరగా అలవాటుపడుతుంది.

ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మడాన్ని అదే 2017 నిబంధనలు ఒప్పుకోవు. తోటి పిల్లల్ని గట్టిగా కొరికితే అవి కీచుమని ఆట మానేస్తాయి, తల్లి గుర్రుమంటుంది. ఎంతవరకు కొరకవచ్చో అక్కడే నేర్చుకుంటుంది. ముందే విడదీసిన కుక్కపిల్లలు తర్వాత మీ పిల్లల చేతులు కొరుకుతుంటే మీరు నా దగ్గరకే వస్తారు. కొనేవాళ్ళు ఫోన్‌లో ఫొటో చూసి డబ్బు వేయకండి. వెళ్ళి తల్లిని చూపించమనండి, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో రాసిన కార్డు అడగండి. తల్లిని చూపించనంటే కొనకండి.