రేవు ఫొటోలు, క్రూయిజ్ ప్రయాణాలు: హనుమకొండలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

హనుమకొండలో క్రూయిజ్ టికెట్లు బుక్ చేయడం నా పని. రిటైరైన టీచర్లు, గోదావరిఖని, భూపాలపల్లి నుంచి సింగరేణి కుటుంబాలు, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లబోయేవాళ్లు ఆఫీసులో కలిస్తే ఒక ఆట మొదలవుతుంది. ఓడ మీద నుంచి తీసిన ఫొటో ఒకరు చూపిస్తారు, అది ఏ రేవో మిగతావాళ్లు చెప్పాలి. చాలామంది దీన్ని టైంపాస్ అనుకుంటారు. నేను మాత్రం బుకింగ్‌కు ముందు ప్రతి కుటుంబంతో ఈ ఆట ఆడిస్తాను. ఫొటోను చదవడం వచ్చినవాళ్లకు ఆ రేవులో తమ రోజు ఎలా గడుస్తుందో ముందే తెలుస్తుంది. ఎంత నడవాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి, ఊరు ఎంత దూరం అన్నవన్నీ ఆ ఫొటోలోనే దొరుకుతాయి.

అపోహ: "సముద్రం లేని జిల్లాలోళ్లం, మనకు రేవులు ఏం తెలుస్తయ్ సారూ?"

ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. ఈ ఆటకు సముద్రం చూసి ఉండాల్సిన పనిలేదు, దిక్కులు తెలిస్తే చాలు. ఇల్లు కొనేముందు ఏ గుమ్మం ఏ దిక్కుకు ఉందో చూసుకునే మనకు దిక్కులు ఒకరు నేర్పాల్సిన అవసరం లేదు. ఐరోపాలో మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడుతుంది, సిడ్నీలో దక్షిణం వైపు. సింగపూర్‌లో అయితే నీడ దాదాపు కాళ్ల కిందే ఉంటుంది. ఇళ్ల మీద డిష్ యాంటెన్నాలు కూడా అంతే. ఐరోపాలో అవి దక్షిణానికి తిరిగి ఉంటాయి, ఆస్ట్రేలియాలో ఉత్తరానికి. రోడ్డు కనిపిస్తే కార్లు ఏ పక్కన పోతున్నాయో చూడండి. కరీంనగర్ నుంచి వచ్చే ఒక రిటైర్డ్ సోషల్ టీచర్ ఇంతవరకు ఓడ ఎక్కలేదు. మూడుసార్లు యూరప్ చూసొచ్చినవాళ్ల కంటే ఆమే ముందు చెబుతారు, ఎందుకంటే ఆమె నీడతో మొదలుపెడతారు.

అపోహ: ఓడ వెనక రాసి ఉన్న ఊరే ఫొటోలోని ఊరు.

ఓడ వెనక భాగంలో ఓడ పేరు కింద నసావు, పనామా, వాలెట్టా, హామిల్టన్ అని కనిపిస్తాయి. అది ఓడ రిజిస్టర్ అయిన రేవు. బండికి నంబర్ ప్లేటు ఎలాగో ఓడకు అది అలాగ. నసావు అని రాసి ఉన్న ఓడ జీవితమంతా సింగపూర్, పినాంగ్ మధ్యే తిరగొచ్చు. వెనక కట్టిన జెండా కూడా రిజిస్టర్ అయిన దేశానిదే. ఉన్న దేశం ఏదో తెలియాలంటే పైన మాస్తు, అంటే ఓడ మీది నిలువు స్తంభం, చూడాలి. వచ్చిన దేశానికి మర్యాదగా ఆ దేశపు జెండాను అక్కడ కుడిపక్కన ఎగరేస్తారు. ఫొటోను పెద్దది చేసి ఆ గుడ్డముక్కను పట్టుకుంటే సగం ఆట అయిపోయినట్టే.

అపోహ: పేరున్న కట్టడం కనబడితే ఇక వెతకక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ మంది పడేది ఇక్కడే. మా టేబుల్ మీద ఎప్పుడూ ఉండే ఫొటో ఒకటుంది. ఎర్రటి పొడవాటి వేలాడే వంతెన, అవతలి ఒడ్డున కొండ మీద చేతులు చాచి నిలబడ్డ క్రీస్తు విగ్రహం. వంతెనను చూసినవాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో అంటారు, విగ్రహాన్ని చూసినవాళ్లు రియో అంటారు. రెండూ చూసినవాళ్లు తికమకపడి ఆగిపోతారు. అది పోర్చుగల్ రాజధాని లిస్బన్.

దగ్గరగా చూస్తే తేడాలు తెలుస్తాయి. లిస్బన్ వంతెనకు రెండు అంతస్తులు. పైన కార్లు పోతాయి, కింద రైలు పోతుంది. 1966లో వంతెన తెరిచారు, కింద రైలు 1999లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937 నాటి గోల్డెన్ గేట్ వంతెనకు రైలు అంతస్తు లేదు. విగ్రహాల్లోనూ అంతే. రియోలో విగ్రహం దాదాపు 710 మీటర్ల కొండ శిఖరం మీద చిన్న పీఠంపై నిలబడి ఉంటుంది. లిస్బన్‌లో కొండ అంత ఎత్తు కాదు గనుక విగ్రహాన్నే నాలుగు స్తంభాల ఎత్తయిన కట్టడం మీద నిలబెట్టారు. కాళ్ల కింద ఆ పొడవాటి ద్వారం లాంటి కట్టడం కనబడిందంటే ఇక అనుమానం లేదు. రియో విగ్రహం 1931లో పూర్తయింది. దాన్ని చూసి స్ఫూర్తి పొంది కట్టిన లిస్బన్ విగ్రహం 1959లో ఆవిష్కరించారు.

మన ఊరివాళ్లకు ఇది అర్థం కావడానికి ఒక్క మాట చాలు. తోరణం కనిపించిన ప్రతి ఫొటో వరంగల్ కోటదేనా? ఊళ్లోకి వచ్చే దారుల్లో, కూడళ్లలో ఎన్ని నమూనాలు లేవు? కోట తోరణాన్ని నమూనా నుంచి మనం రాయిని చూసి వేరు చేస్తాం, చుట్టూ ఏముందో చూసి వేరు చేస్తాం. ఇక్కడా చేయాల్సింది అదే.

లిస్బన్ సంగతి తేలాక నేను చెప్పే టిప్ కూడా ఆ ఫొటోలోంచే వస్తుంది. వెనకాల ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపిస్తాయి. అంటే ఊరంతా ఎత్తుపల్లాలే, రాళ్లు పరిచిన వాలు వీధులే. నునుపైన చెప్పులు వద్దు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ట్రామ్ ఎక్కి పైకి పోయి నడుస్తూ కిందికి రావాలి.

అపోహ: నీళ్లలో ఏముంటుంది, గట్టును చూస్తే చాలు.

ఫొటోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం గట్టు గోడ. ఓడ ఆగిన చోట గోడ అడుగున నల్లగా, పాకుడు పచ్చగా ఒక పట్టీ ఉంటుంది. నీరు పైకి లేచి దిగిన చోటల్లా ఆ తడి పట్టీ పడుతుంది. మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల పోటుకూ ఆటుకూ తేడా అర మీటరు కూడా ఉండదు, కాబట్టి పట్టీ సన్నగా ఉంటుంది. ముంబైలో పెద్ద పోటు రోజుల్లో తేడా 4 మీటర్లు దాటుతుంది. చెన్నైలో ఒక మీటరు అటూ ఇటూ. ఒకే ఓడను ముంబై గట్టున, చెన్నై గట్టున తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఈ పట్టీతోనే వేరుచేయొచ్చు. ప్రయాణికుడికి దీనివల్ల ఉపయోగం ఏమిటంటారా? పట్టీ వెడల్పుగా ఉన్న రేవులో ఓడ కూడా నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. పొద్దున సమంగా ఉన్న గ్యాంగ్‌వే, అంటే ఓడకూ గట్టుకూ మధ్య వేసే నడకదారి, సాయంత్రానికి నిటారుగా కావచ్చు. కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన ఉంటే ఓడ సిబ్బందిని ముందే సాయం అడిగి పెట్టుకోవాలి.

తర్వాత బోయాలు, అంటే దారి చూపించడానికి నీళ్లలో తేలేలా కట్టిన ఎర్ర, ఆకుపచ్చ గుర్తులు. ప్రపంచాన్ని ఇందులో రెండు భాగాలు చేశారు. ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మన దేశంతో సహా ఆసియాలో ఎక్కువ భాగంలో ఓడ రేవులోకి వస్తున్నప్పుడు ఎర్రది ఎడమ పక్కన ఉంటుంది. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఎర్రది కుడి పక్కన ఉంటుంది. ఓడ ముందు భాగం నుంచి ఊరి వైపు తీసిన ఫొటోలో ఎర్ర బోయా కుడిపక్కన కనబడితే బార్సిలోనా, సింగపూర్ అన్న పేర్లన్నీ ఒక్క దెబ్బకు పక్కన పెట్టేయొచ్చు. ఓడ లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి, లేకపోతే లెక్క తలకిందులవుతుంది.

అపోహ: బ్రోచర్‌లో రోమ్ అని ఉంటే ఓడ రోమ్‌లో ఆగుతుంది.

రోమ్‌లో ఓడ ఆగదు. చివితావెక్కియా అనే రేవులో ఆగుతుంది. అక్కడి నుంచి రోమ్‌కు పోవడమంటే వరంగల్ నుంచి కరీంనగర్ పోయినంత దూరం. ఫ్లోరెన్స్ అని రాసి లివోర్నోలో, బ్యాంకాక్ అని రాసి లేమ్ చబాంగ్‌లో, కౌలాలంపూర్ అని రాసి పోర్ట్ క్లాంగ్‌లో ఆపుతారు. పారిస్ అని రాసి ఉంటే అది లె హావ్ర్, పారిస్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. జగిత్యాల దంపతులు ఒకరు వేరేచోట బుక్ చేసుకుని, ఈఫిల్ టవర్ ముందు సాయంత్రం దాకా కూర్చోవచ్చని నమ్మి వెళ్లారు. ఆ రోజులో ఎక్కువ భాగం బస్సులోనే గడిచింది. ఆ మాట చెబుతుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దూరం ముందే చెప్పి ఉంటే వాళ్లు ఆ రేవు ఊళ్లోనే హాయిగా తిరిగేవాళ్లు.

అందుకే రేవు ఫొటోలో కంటెయినర్లు, పెద్ద క్రేన్లు, చమురు ట్యాంకులు తప్ప ఊరు కనబడకపోతే, ఊరు దూరం అని అర్థం చేసుకోవాలి. వెనిస్ విషయంలో పాత ఫొటోలు ఇంకా మోసం చేస్తున్నాయి. సెయింట్ మార్క్ చౌకు ముందు నుంచి పెద్ద ఓడ పోతున్న దృశ్యం ఇప్పుడు దొరకదు. 2021 ఆగస్టు 1 నుంచి దాని ముందున్న కాలువలోకి పెద్ద ఓడలను రానివ్వడం లేదు. వెనిస్ పేరుతో అమ్మే కొన్ని ప్రయాణాలు రవెన్నా, ట్రియెస్టే రేవుల నుంచి మొదలవుతాయి.

ఒకే ఊళ్లో రెండు టెర్మినళ్లున్నా ఇబ్బందే. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే సింగపూర్‌లో ఒకటి మరీనా బేలో ఉంది, ఇంకొకటి హార్బర్‌ఫ్రంట్‌లో. ఫొటోలో ఓడ మీదుగా కేబుల్ కార్లు పోతుంటే అది సెంటోసాకు ఎదురుగా ఉన్న హార్బర్‌ఫ్రంట్. ట్యాక్సీ ఎక్కేటప్పుడు "క్రూయిజ్ సెంటర్" అని మాత్రమే అనకండి, టికెట్ మీది టెర్మినల్ పేరు పూర్తిగా చూపించండి.

అపోహ: ఓడ దిగితే నేరుగా నేల మీదే కాలు పెడతాం.

ఫొటోలో ఓడ నడి నీళ్లలో ఉండి, దాని పక్కన చిన్న బోట్లు తిరుగుతుంటే అది టెండర్ రేవు. ఓడ లంగరేసి నిలబడుతుంది, మనల్ని బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. శాంటోరినీ ఇలాంటిదే. తెల్ల ఇళ్లు కొండ అంచున ఉంటాయి, బోటు దింపేది కొండ అడుగున. పైకి పోవడానికి కేబుల్ కారు ఉంది, లేదా 500కు పైగా మెట్లు. కేబుల్ కారు లైను ఎండలో బారెడు ఉంటుంది. ఓడ నుంచి బోటులోకి అడుగు వేసేటప్పుడు రెండూ వేరువేరుగా ఊగుతుంటాయి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లను అల ఎక్కువగా ఉంటే దింపరు. అమ్మానాన్నలతో వెళ్తుంటే ఏ రేవులు టెండర్‌వో బుకింగ్ రోజే అడిగి రాసుకోండి.

అపోహ: ఫోన్‌లో వెతికితే అదే చెబుతుంది.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపినప్పుడు లొకేషన్ వివరాలు పోతాయి. యాప్‌లు పోలికను బట్టి చెబుతాయి, పోలిక ఎంత మోసం చేస్తుందో లిస్బన్ దగ్గర చూశాం కదా.

అపోహ: ఒకసారి వీసా వస్తే ఓడలో ఎన్ని దేశాలైనా తిరగొచ్చు.

సింగపూర్‌లో ఎక్కి, పినాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లో దిగితే అది రెండోసారి ప్రవేశం. సింగపూర్ అరైవల్ కార్డు కూడా రెండోసారి నింపాలి. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాతో గ్రీస్‌లో ఎక్కి, ఆ జాబితాలో లేని టర్కీలోని ఇస్తాంబుల్ వెళ్లి వెనక్కి వస్తే అక్కడా అంతే. కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశం, ఉందో లేదో వీసా కాగితం మీద మీ కళ్లతో చూసుకోండి. పాస్‌పోర్టుకు ప్రయాణం తర్వాత కనీసం 6 నెలల గడువు మిగలాలి. ఒక్కో దేశం నియమాలు మారుతూనే ఉంటాయి, పోయినేడాది వెళ్లిన బంధువు మాట మీద టికెట్ కొనొద్దు.

అపోహ: ఓడ ఎక్కితే వాంతులే.

పెద్ద ఓడలకు రెండు పక్కలా నీళ్లలోకి చాచే రెక్కలుంటాయి, అవి ఊగడాన్ని చాలావరకు తగ్గిస్తాయి. కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో క్యాబిన్ తీసుకుంటే ఇంకా నయం. టెన్షన్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి మాత్రలు దగ్గర పెట్టుకోండి, కడుపులో తిప్పడం మొదలవకముందే వేసుకోవాలి. అసలు చూసుకోవాల్సింది కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మనవాళ్లు అడిగే దసరా సెలవుల తర్వాత బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. కెప్టెన్ రేవు మార్చినా, వదిలేసినా టికెట్ షరతులు ఒప్పుకుంటాయి. చాలా కంపెనీలు ఆ రేవు పన్నులే వెనక్కి ఇస్తాయి. ఓడ ఎక్కే ఊరికి ఒకరోజు ముందే చేరాలని కూడా చెబుతాను. చెన్నైలో ఎక్కేవాళ్లు అదే రోజు పొద్దున దిగేలా చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకుంటారు. రైలు నాలుగు గంటలు లేటైతే ఓడ ఆగదు.

అపోహ: రైస్ కుక్కర్, పచ్చడి జాడీ తీసుకుపోతే తిండికి బెంగ ఉండదు.

కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె ఎక్కే దగ్గరే ఆపేస్తారు, మంటల భయంతో. సీల్ చేసిన ప్యాకెట్లు మామూలుగా వదులుతారు. శాకాహారం, జైన భోజనం కావాలంటే బుకింగ్‌లోనే రాయించాలి. రేవులో దిగేటప్పుడు మాత్రం బఫేలోని పండు కూడా బ్యాగులో పెట్టుకోవద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చెప్పకుండా తెచ్చిన ఆవకాయకు కూడా గట్టి జరిమానా పడొచ్చు.

అపోహ: ఫోన్‌లో టైం చూసుకుని వెనక్కి వచ్చేయొచ్చు.

సింగపూర్, మలేసియాల కంటే థాయ్‌లాండ్ ఒక గంట వెనక. ఫుకెట్‌లో దిగగానే ఫోన్ తనంతట తానే గంట వెనక్కి పోతుంది. ఓడ మాత్రం చాలాసార్లు సింగపూర్ టైంలోనే నడుస్తుంది. మీ ఫోన్‌లో మూడున్నర అయితే ఓడలో నాలుగున్నర అన్నమాట. అందరూ ఎక్కాల్సిన సమయం ఓడ కదలడానికి అరగంట ముందో, ఇంకా ముందో ఉంటుంది. ఓడవాళ్లు నడిపే టూరులో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా ట్యాక్సీలో వెళ్లినవాళ్ల కోసం ఆగదు. దిగేటప్పుడు గ్యాంగ్‌వే దగ్గర పెట్టిన సమయం బోర్డును ఫొటో తీసుకోండి. గుంపులో ఒకరైనా మామూలు చేతిగడియారం పెట్టుకుని, దాన్ని ఓడ టైంకు సరిచేసి ఉంచండి. పాస్‌పోర్టు కాపీ, ఆ రేవులో ఓడ తరఫు ఏజెంట్ ఫోన్ నంబరు అదే మనిషి దగ్గర ఉండాలి. ఆ నంబరు ముందు రోజు రాత్రి క్యాబిన్‌లోకి వచ్చే కాగితం మీద గానీ, ఓడ యాప్‌లో గానీ ఉంటుంది.