డబ్బు సర్కారుది, మాట ఎవరిది?

విదేశాంగ, రక్షణ విధానాలపై పనిచేసే మేధోసంస్థలు ఎవరి డబ్బుతో నడవాలి, ఆ డబ్బు తీసుకున్నాక ఎంతవరకు నోరు విప్పవచ్చు అన్న వివాదం మళ్లీ రాజుకుంది. చైనా యుద్ధంలో ఎదురైన పరాభవం, ఆ తర్వాత 1965 నవంబర్‌లో రక్షణ మంత్రి వై.బి. చవాన్ చొరవతో ఢిల్లీలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసిస్, అంటే ఐడీఎస్‌ఏ, ఏర్పడటం చాలామందికి తెలిసినవే. ఇప్పటి వాదన మూలాలు మాత్రం 1971 మార్చి నెలాఖరులో ఉన్నాయి.

మార్చి 25 రాత్రి అప్పటి తూర్పు పాకిస్థాన్ (తూర్పు బెంగాల్, నేటి బంగ్లాదేశ్) నగరం ఢాకాలో పాక్ సైన్యం ప్రజలపై విరుచుకుపడింది. ఆరు రోజుల తర్వాత ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ సదస్సులో ఐడీఎస్‌ఏ డైరెక్టర్ కె. సుబ్రహ్మణ్యం మాట్లాడుతూ, పాకిస్థాన్ చీలిపోవడం భారత్‌కు మేలని, ఇలాంటి అవకాశం మళ్లీ రాదని బహిరంగంగా అనేశారు. అదే రోజు పార్లమెంటు ఆమోదించిన తీర్మానం తూర్పు బెంగాల్ ప్రజలకు సానుభూతి, మద్దతు ప్రకటించిందే తప్ప అంత దూరం వెళ్లలేదు. రక్షణ శాఖ నిధులతో నడిచే సంస్థకు అధిపతి, పైగా ఐఏఎస్ అధికారి, ప్రభుత్వం అనని మాట అనడంతో, తనను చీల్చడానికి భారత్ కుట్ర పన్నిందన్న ఆరోపణకు సాక్ష్యంగా పాకిస్థాన్ ఆ వాక్యాన్నే చూపించింది. అయినా సుబ్రహ్మణ్యం పదవి పోలేదు. 1975 వరకు కొనసాగారు, 1980లో తిరిగి వచ్చి 1987 వరకు ఉన్నారు. ప్రభుత్వమూ ఆయన తొందరపెట్టినంత మాత్రాన కదలలేదు, యుద్ధం డిసెంబర్ 3న గానీ మొదలుకాలేదు. శాంతియుత అణుశక్తే అధికారిక విధానంగా ఉన్న కాలంలో అణ్వాయుధం కావాలని వాదించినప్పుడూ ఆయనకు ఇదే వెసులుబాటు దక్కింది.

అయితే ఈ వెసులుబాటును ఎవరూ కాగితం మీద పెట్టలేదు. రక్షణ మంత్రే అధ్యక్షుడిగా ఉండే సంస్థలో అది సుబ్రహ్మణ్యం వ్యక్తిత్వం మీద, అధికార వర్గాల్లో ఆయనకున్న పలుకుబడి మీద నిలిచిన ఏర్పాటు. తర్వాత డబ్బు దారులు మారాయి. 1990లో రిలయన్స్ అండతో అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది, 2016లో అమెరికా సంస్థ కార్నెగీ ఢిల్లీలో శాఖ తెరిచింది. రాతపూర్వక రక్షణ మాత్రం ఎవరికీ సమకూరలేదు.

ఆ లోటు సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ విషయంలో బయటపడింది. 1973లో పుట్టిన ఈ సంస్థ, విదేశాంగ విధానంపై 2012లో వచ్చిన నాన్ అలైన్‌మెంట్ 2.0 పత్రానికి నేషనల్ డిఫెన్స్ కాలేజీతో పాటు తోడ్పడింది. 2022 సెప్టెంబర్‌లో ఆదాయ పన్ను అధికారులు అక్కడ సర్వే జరిపారు. 2023 ఫిబ్రవరిలో విదేశీ విరాళాల అనుమతిని హోంశాఖ నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేసింది. చట్టం నిషేధించిన వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలకు విరాళాలు వాడారన్నది ప్రభుత్వ వాదన. సంస్థ సమాధానం మరింత మౌలికమైనది: పరిశోధనలోంచి వచ్చిన విధాన నివేదికలను తన వెబ్‌సైట్‌లో పెట్టడమే వర్తమాన వ్యవహారాల కార్యక్రమం అయితే, పరిశోధన సంస్థ పనిచేయడానికి ఆధారమే ఉండదని, తీసుకున్న చర్య ఆరోపణకు ఏమాత్రం తూగదని అది చెప్పింది. విధానం గురించి రాసే సంస్థ వర్తమానాన్ని తాకకుండా ఎలా రాయగలదో హోంశాఖ వాదనలో కనిపించదు.

ఈలోగా, 2020 ఫిబ్రవరిలో, ఐడీఎస్‌ఏకు మనోహర్ పారికర్ పేరు పెట్టారు. రక్షణ మంత్రిగా ఉండగా 2016 నవంబర్‌లో ఒక పుస్తకావిష్కరణ సభలో ఆయన, అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమన్న మాటకు భారత్ ఎందుకు కట్టుబడి ఉండాలని ప్రశ్నించారు. ఆ నియమాన్ని 1999 నాటి అణు విధాన ముసాయిదాలో చేర్చింది సుబ్రహ్మణ్యం సారథ్యంలోని జాతీయ భద్రతా సలహా మండలే. పారికర్ అన్నది ఆయన సొంత అభిప్రాయమని రక్షణ శాఖ వివరణ ఇచ్చింది, సంగతి అక్కడితో సద్దుమణిగింది.