చినుకు పడేది ఒకచోట, నీరు దిగేది మరోచోట

కొన్నేళ్ళ క్రితం ఒక వానాకాలంలో మా హాల్లో ఫ్యాను కప్పు అంచు నుంచి నీటి చుక్కలు రాలడం మొదలైంది. పిలిపించిన మేస్త్రి నిచ్చెన వేసుకొని, ఫ్యాను చుట్టూ పెచ్చులు గీకి, ఏదో మందు కలిపిన సిమెంటు పూసి వెళ్ళాడు. రెండు వారాలు ఊరుకున్న చుక్క, తరువాతి ముసురుకు పక్క గదిలో ట్యూబులైటు దగ్గర తేలింది. చివరికి మేడెక్కి చూస్తే అసలు దారి పన్నెండు అడుగుల అవతల, పిట్టగోడ పక్కన కనబడింది. డిష్ యాంటెన్నా నిలపడానికి అక్కడ డ్రిల్లు చేసిన మూడు బోల్టు రంధ్రాలలో ఒకటి, శ్లాబు లోపల పరిచిన కరెంటు పైపును చీల్చింది. వాన నీరు ఆ పైపునే కాలువగా చేసుకొని, దాని నోరు తెరుచుకున్న చోట, అంటే ఫ్యాను దగ్గర, కిందికి దిగింది. ఇలాంటప్పుడు ముందుగా చేయవలసిన పని ఆ గది కరెంటు ఆపడం. బకెట్టు పెట్టడం ఆ తరువాతి సంగతి.

ఇల్లు కారినప్పుడు మనం సహజంగా చుక్క పడిన చోటికి నేరుగా పైన వెదుకుతాం, తరచుగా అక్కడే పొరబడతాం. శ్లాబులోకి చొరబడిన నీరు ఇనుప చువ్వల వెంట, కరెంటు పైపుల వెంట, ఒకరోజు పోసిన కాంక్రీటుకు మరునాడు పోసిన కాంక్రీటుకు మధ్య మిగిలిన అతుకు వెంట అడ్డంగా ప్రయాణించి, సందు దొరికిన చోట బయటపడుతుంది. అందుకే కింది నుంచి వేసే పూత చుక్కను మరో గదికి పంపుతుందే తప్ప నీటిని ఆపదు. పైగా నీరు శ్లాబులోనే నిలిచి చువ్వలను నానబెడుతుంది కనుక, చుక్క కనబడినప్పటి కంటే కనబడకుండా పోయినప్పుడే నష్టం ఎక్కువ.

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా దాని ఒంటినిండా సూక్ష్మ రంధ్రాలే. సిమెంటు రసాయనికంగా గట్టిపడటానికి కావలసిన నీరు దాని బరువులో దాదాపు నాలుగో వంతు, అంటే 50 కిలోల బస్తాకు పన్నెండు లీటర్ల పైచిలుకు. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, కదలాలి, చువ్వల సందుల్లోకి జారాలి కనుక ఇంకొంత కలపక తప్పదు. సాధారణంగా బస్తాకు పాతిక లీటర్లకు మించకుండా చూస్తారు. శ్లాబు పోసే రోజు సాయంత్రానికి కూలీలు అలసిపోయి, మాలు సులువుగా పారాలని మరో రెండు బకెట్లు కుమ్మరించినప్పుడు, ఆ అదనపు నీరు తరువాత ఆవిరై, తాను ఉన్న చోటును ఖాళీగా వదిలిపోతుంది. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి సన్నని గొట్టాలవుతాయి. మాలును కుదిపి సర్దే వైబ్రేటరు సరిగా తిప్పకపోతే కంకర మధ్య తేనెపట్టులాంటి గుల్లలు మిగులుతాయి. పోసిన తరువాత మడులు కట్టి కనీసం వారం రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు మండాక మిగిలే మెత్తని బూడిద) కలిసిన సిమెంటయితే పది రోజులకు తక్కువ కాకుండా నీరు నిలపకపోతే పై పొర ఎండి నెర్రెలిస్తుంది. ఈ మూడు లోపాలనూ తరువాత ఏ పూతా పూర్తిగా సరిదిద్దలేదు.

అయితే గుల్ల శ్లాబు కూడా నీరు నిలవకపోతే చాలావరకు కారదు. అసలు ముద్దాయి నిలిచిన నీరే అని నా అభిప్రాయం. నూరు గజాల మేడ మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే పడే నీరు దాదాపు 4,200 లీటర్లు. అంత నీరూ గంటలో తూముల గుండా వెళ్ళిపోతే శ్లాబుకు తడి తగిలిందంతే; అందులో పది బకెట్లు ఒక మూల రెండు రోజులు నిలిస్తే, అవి సన్నని పగుళ్ళలోకి దిగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడానికి పరికరాలేవీ అక్కరలేదు. వాన వెలిసిన గంటకు మేడెక్కి, మిగిలిన మడుగుల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తే చాలు. ఎండాకాలంలో అయితే దుమ్ము పేరుకున్న వలయాలు, ఎండి పెంకులా లేచిన నాచు ఆ జాగాలను చూపిస్తాయి. తూము వైపు వాలు వందకు ఒకటి, అంటే పది అడుగుల దూరానికి అంగుళంపావు ఉండాలి. వాలు ఎంత బాగున్నా, నాలుగు వేపాకులు, ఒక పాలిథిన్ సంచి, పావురాల ఈకలు చేరి తూముకు అడ్డం పడితే మేడ చెరువవుతుంది.

వాలు తరువాత చూడవలసినవి కీళ్ళు, అంటే రెండు భాగాలు కలిసే చోట్లు. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో లక్షవ వంతు సాగుతుంది. పది మీటర్ల శ్లాబు తెల్లవారుజాముకు, మిట్టమధ్యాహ్నానికి మధ్య 30 డిగ్రీలు మారితే మూడు మిల్లీమీటర్ల సాగుబాటు వస్తుంది. దాని మీద నిలబెట్టిన ఇటుక పిట్టగోడ అంతే లెక్కన సాగదు. రెండూ కలిసే చోట రోజూ జరిగే ఈ పెనుగులాటకు వెంట్రుకంత చీలిక పడుతుంది. 0.2 మిల్లీమీటర్ల చీలికలో నీరు, సిద్ధాంతరీత్యా, తనంతట తానే ఏడు సెంటీమీటర్ల ఎత్తుకు ఎగబాకగలదు. కాబట్టి పిట్టగోడ మొదట్లో చీలిక కాస్త ఎత్తున ఉన్నదన్న ధీమా పనికిరాదు. ట్యాంకు దిమ్మెల మొదళ్ళు, తూము గొట్టం శ్లాబును దాటే చోటు, సోలార్ హీటరు కాళ్ళ బోల్టులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇలాంటి చీలికలో రావి మొక్క కనబడితే, అక్కడ తడి ఆరడం లేదని అది చెబుతున్నట్లే. దానిని పైపైన తుంచితే వేరు లోపలే లావెక్కుతుంది.

రాయలసీమ చవుడు మిద్దె ఈ విషయంలో తెలివైనది. దూలాల మీద కర్రలో బండలో పరచి, పైన చవుడు మట్టి వేసేవారు. పంటకు పనికిరాని ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది. అవి చెదిరి సందులన్నింటినీ పూడ్చేస్తాయి. పొలంలో నీటిని ఇంకనివ్వని దుర్గుణమే కప్పు మీద సుగుణమైంది. మెత్తని మట్టి కనుక శ్లాబులా విరగదు, పగిలినా తడికి మళ్ళీ పూడుతుంది. ఏటా వానలకు ముందు గడ్డి పీకి, కొత్త చవుడు వేసి తొక్కేవారు. మనం కాంక్రీటు పోసి, ఆ వార్షిక పనిని కూడా వదిలేశాం.

కారడం మొదలైన శ్లాబు అడుగున తెల్లగా పొడిలానో, చిన్న ఊడల్లానో కనబడేది కాల్షియం కార్బొనేట్. బొర్రా గుహల్లో వేలాడే రాళ్ళదీ అదే పదార్థం. సిమెంటులోని సున్నం నీటితో కరిగి దిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి అలా గడ్డకడుతుంది. చిన్న పగుళ్ళను ఇది ఒక్కోసారి తానే మూసేస్తుంది కూడా. ఎర్రటి మరక కనబడితే మాత్రం సంగతి వేరు. కొత్త కాంక్రీటుకున్న గాఢమైన క్షారగుణం ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది. గాలి, తేమ ఏళ్ళ తరబడి లోపలికి చేరి ఆ గుణాన్ని తగ్గిస్తాయి. విశాఖ, కాకినాడలాంటి తీర ప్రాంతాల్లో ఉప్పు ఆ గుణం తగ్గకముందే ఇనుము మీది రక్షణ పొరను ఛేదించి, తుప్పును తొందరగా తెస్తుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, చువ్వల కింద ఉండవలసిన కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు పొరను పెచ్చులుగా ఊడదీస్తుంది.

మరమ్మతుకు వరుస ముఖ్యం. శ్లాబు బాగా ఎండిన వేసవిలో మొదట వాలు, తరువాత కీళ్ళు, చివర పూత. చాలామంది పూతతోనే మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకుంటారు. కదిలే పగులును ఉత్త సిమెంటుతో నింపితే అది మళ్ళీ అక్కడే విచ్చుకుంటుంది. పగులును కొంచెం వెడల్పుగా కోసి, దుమ్ము దులిపి, సాగే గుణమున్న సీలెంటు నింపాలి. పిట్టగోడ మొదట్లో నీరు ఆగకుండా మాలుతో గుండ్రంగా వంపు తీర్చి, పూతను గోడ మీదికి ఒక అడుగు దాకా ఎక్కించాలి. చెమ్మ ఆరకముందే పూస్తే ఆవిరి పొక్కులై లేస్తుంది. తెల్లని పూతకు మరో ప్రయోజనం ఉంది: ఎండను వెనక్కి పంపి శ్లాబు వేడిని, దానితో పాటు సాగుబాటును తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది వేడి తగ్గించడానికే అయినా, కీళ్ళకు కూడా అది మేలే.

పని పూర్తయ్యాక తూములు మూసి, రెండంగుళాల నీరు కట్టి, రెండు రోజులు ఆగి అడుగున చూడటం పాత పద్ధతే, నమ్మదగిన పద్ధతే. ఆ నీటి బరువు చదరపు మీటరుకు దాదాపు 50 కిలోలు. పెచ్చులూడి చువ్వలు బయటపడిన పాత శ్లాబు మీద మాత్రం ఇంజనీరు చూసి సరేననే దాకా ఈ పరీక్ష పెట్టకూడదు.