గర్భసంచి అసలు సంచే కాదు

హనుమకొండలో నా ఓపీలో తరచూ వినే మాట: "పిల్లల ఆపరేషన్ అయిపోయింది మేడం, ఇంక ఆ సంచితోని ఏం పని? తీసెయ్యిండ్రి." నర్సంపేట, పరకాల వైపు నుంచి వచ్చి ఇలా అడిగేవాళ్లలో 35 ఏళ్లు నిండనివాళ్లూ ఉంటారు. తప్పు వాళ్లది కాదు, సగం ఆ పేరుదే. సంచి అనగానే ఖాళీ అయితే మడిచి పక్కన పడేసే బియ్యం సంచి గుర్తొస్తుంది.

నిజానికి అది దళసరి కండరం. తలకిందులు చేసిన చిన్న జామకాయలా, సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవుంటుంది. గర్భం లేనప్పుడు లోపలి గోడలు రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. "చెడు రక్తం" నిల్వ ఉండటానికి అక్కడ చోటెక్కడిది? ముట్టులో పోయేది ఒంట్లో పారే రక్తమే, దానితో పాటు ఊడివచ్చే లోపలి పొర. గర్భం నిలుస్తుందేమోనని నెలనెలా పరుచుకునే పక్క అది.

అపోహ: గర్భసంచికి పుండు అయింది, తీయకపోతే క్యాన్సరే.
ఈ ఒక్క మాట ఎన్ని ఇళ్లలో అప్పులు చేయించిందో! గర్భాశయ ముఖద్వారం లోపలివైపు ఉండే ఎర్రటి మెత్తని పొర కొందరిలో కాస్త బయటికి కనిపిస్తుంది. చూడటానికి పుండులా ఉంటుంది, కానీ చాలాసార్లు పుండు కాదు, జబ్బూ కాదు. అనుమానం ఉంటే పాప్ స్మియర్ (ముఖద్వారం దగ్గరి కణాలు కొన్ని తీసి చూసే పరీక్ష) చేస్తే తెలుస్తుంది. అలాగే స్కానింగ్ రిపోర్టులో "బల్కీ" అని ఉందని వణికిపోతారు. ఇద్దరు ముగ్గురిని కన్న గర్భాశయం కొంచెం పెద్దగా ఉండటం మామూలే.

అపోహ: తీసేస్తే ముట్టు పోరు పోతుంది, అంతే.
అంతే కాదు. దానితో పాటు అండాశయాలూ తీస్తే ఆ రోజుతోనే ముట్లుడిగినట్టు. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. అండాశయాలను ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని తగ్గించేస్తాయి. క్యాన్సర్‌కో, మందులకు లొంగని రక్తస్రావానికో తీయాల్సి వస్తే నేనూ తీస్తాను. తెల్లబట్ట అవుతోందని మాత్రం కాదు.

పిల్లల ఆపరేషన్‌తో ముట్టు రక్తం కడుపులోనే ఉండిపోతుందన్న భయమూ ఉంది. మేం మూసేది ట్యూబులను. అవి అండం వచ్చే దారి, ముట్టు పోయే దారి కాదు.

చదువుకున్నవాళ్లకు వేరే సందేహాలు, ముట్టు రక్తం పట్టడానికి యోనిలో పెట్టుకునే కప్పు గురించి. "కప్పు పెట్టుకుంటే మూత్రం ఎలా పోతుంది మేడం?" అని ఒక హాస్టల్ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మూత్రానికి, యోనికి, మలానికి దారులు మూడూ వేర్వేరు. కప్పు లోపలికెళ్లి తప్పిపోదు కూడా, గర్భాశయ ముఖద్వారం అంత సన్నగా ఉంటుంది.

అపోహ: ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడితే ఒంట్లో వేడి.
దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోను. ముట్టు ఆగి ఏడాది దాటాక చుక్క కనబడినా పరీక్ష చేయాల్సిందే. ఎక్కువసార్లు చిన్న కారణమే ఉంటుంది, కొన్నిసార్లు క్యాన్సర్. పత్తి ఏరుడు అయిపోయినంక వస్తమంటే కుదరదు, ఆ వారమే రావాలి.