నాటకానికి టికెట్టు ఎప్పుడు పోయింది?

నాటక పోటీలు జరిపే సంస్థలైన పరిషత్తుల కాలం వచ్చినప్పుడల్లా గుంటూరు, తెనాలి ప్రాంతాల్లో ఒక పాత తగవు మళ్లీ తలెత్తుతుంది: నాటకం చూడవచ్చేవారి దగ్గర డబ్బులు తీసుకోవాలా, వద్దా? హాలు అద్దెలు, వ్యాను కిరాయిలు పెరిగిన ఈ రోజుల్లో ఆ మాట మరికాస్త గట్టిగానే వినిపిస్తోంది. తెలుగు నాటకం తొలినాళ్ల సంగతులైన ధార్వాడ నాటక సమాజం రాక, కందుకూరి వీరేశలింగం వారి తొలి ప్రదర్శనలు నాటకాభిమానులందరికీ తెలిసినవే. ఈ తగవుకు మూలం అక్కడ లేదు కనుక వాటి జోలికి పోవడం లేదు.

కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ప్రేక్షకుడు డబ్బిచ్చి కూర్చునేవాడు, ఇచ్చినందుకు అధికారం కూడా చెలాయించేవాడు. కాంట్రాక్టరు పేరున్న నటులను తలా ఒక చోటి నుంచి తెచ్చి ఒకే వేదిక ఎక్కించేవాడు. కృష్ణ పాత్రనే ఇద్దరు ముగ్గురికి పంచి, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని కరపత్రంలో వేయించేవాడు. రాయబారం పద్యానికి వన్స్‌మోర్ పడితే కౌరవసభ మొత్తం ఆగి, హార్మోనీ మళ్లీ శ్రుతి అందుకోవాల్సిందే. కథ చెడిందని, పాత్రలు పాటకచేరీలో పడి కొట్టుకుపోయాయని చదువుకున్నవారు విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు.

ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో పుట్టింది. టికెట్టు అమ్మకం మీదే కుటుంబాలకు కుటుంబాలు బతికిన సురభి నాటక సంస్థకు చెందిన వనారస గోవిందరావు దాని వెనుక నిలిచిన పెద్దల్లో ఒకరు కావడం గమనించదగ్గ సంగతి. తర్వాతి కాలంలో పోటీల పద్ధతి స్థిరపడి, చిలకలూరిపేట వంటి పట్టణాలకూ, చివరికి పల్లెలకూ పాకింది. అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. పోటీలు సాంఘిక నాటికకు ప్రాణం పోశాయి, కొత్త రచయితలను ఇచ్చాయి. అయితే వాటితోపాటే నాటకానికి ఖర్చు పెట్టే బాధ్యత దాతకు, బాగోగులు తేల్చే పని న్యాయనిర్ణేతలకు వెళ్లిపోయి, ఈ రెండూ ఒకప్పుడు తనవే అయిన ప్రేక్షకుడు ఆహ్వానితుడిగా మిగిలాడు.

ఆ మార్పు హాల్లో కంటికి కనిపిస్తుంది. ముందు వరుస సోఫాలు న్యాయనిర్ణేతలవి, పక్కవి దాతలవి. నాటికకూ నాటికకూ నడుమ శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు సాగిసాగి, చివరి నాటికకు తెర లేచేసరికి అర్ధరాత్రి దాటినా ఆశ్చర్యం లేదు. అప్పటికి వెనక వరుసల్లో ఉండేది ముందే ఆడేసిన నాటక సమాజాలవారు, మేకప్ మనిషి, వారి బంధువులు. డబ్బిచ్చి వచ్చినవాడైతే ప్రసంగం మధ్యలోనే ఈల వేసేవాడు.

టికెట్టు పెడితే వచ్చే నలుగురూ రారని, నాటకం సేవే కాని వ్యాపారం కాదని నిర్వాహకులు అంటారు. సినిమా హాళ్లు, తర్వాత టీవీ జనాన్ని లాక్కుపోయిన కాలంలో చందాలు పోగుచేసి వేదికను నిలబెట్టింది వారే కనుక ఆ మాటను కొట్టిపారేయలేం. 2023 డిసెంబరులో గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ప్రభుత్వం నిర్వహించిన నంది నాటకోత్సవాలదీ పోటీల బాటే.

నాటకం ఆడే సమాజాలవారి లెక్క వేరు. పరిషత్తు ఇచ్చే ప్రదర్శన పారితోషికం వ్యానుకు, సెట్టుకు, భోజనాలకు చాలదని, ఉత్తమ ప్రదర్శన బహుమతి వస్తే తప్ప నటుడు చేతి నుంచి పెట్టుకోవలసి వస్తుందని వారి బాధ. దానికంటే లోతైన ఫిర్యాదు ఇంకొకటి ఉంది: న్యాయనిర్ణేతలకు నచ్చే కన్నీటి ముగింపు, ఒకే ఇంటి సెట్టు, గంటలోపు ముగిసే కథ అలవాటై, ఊరి జనం ఏం చూడాలనుకుంటున్నారో అడిగే అవసరమే రచయితకు లేకుండా పోయిందని. టికెట్టు ఉంటే అది అడగక తప్పదని వారి వాదం. పన్ను భయమూ పెద్ద అడ్డంకి కాదు. 2018 జనవరి నుంచి మనిషికి 500 రూపాయల వరకు ఉన్న నాటకం టికెట్టుకు జీఎస్టీ మినహాయింపు ఉంది.

అయినా ముందు తేలవలసింది ఒకటుంది. పోటీల నియమాలు సాధారణంగా నాటిక నిడివి గురించి, సెట్టు అమర్చుకునే వ్యవధి గురించి ఖచ్చితంగా మాట్లాడతాయి. ఒకే రాత్రి మూడు సమాజాలు ఆడినప్పుడు గేటు దగ్గర వసూలైన డబ్బులో ఎవరి వాటా ఎంత అన్నది మాత్రం, టికెట్టే లేనప్పుడు, ఎవరూ రాసుకోవలసిన అవసరం రాలేదు.