తెలుగు అక్షరాలు విరిగిపోతే తప్పు ఎవరిది? అపోహలు - వాస్తవాలు

నేను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటా, తెలుగు ప్రింటింగ్ దగ్గరే సగం టైమ్ పోతుంది. కస్టమర్లే కాదు, కొత్త డెవలపర్లు కూడా పదేపదే అనే మాటలు ఇవి.

అపోహ: ఒత్తులు విడిపోయాయంటే డేటా పాడైనట్టే.

చాలాసార్లు డేటాకి ఏమీ అవ్వదు. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం, మెమరీలో మాత్రం ఆరు యూనికోడ్ నంబర్లు (ఒక్కో అక్షరానికీ, గుర్తుకీ కంప్యూటర్ వాడే నంబర్లు): స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని చూసి ఏది ఒత్తవ్వాలి, ఎక్కడ కూర్చోవాలి అని తేల్చేది షేపింగ్ ఇంజిన్. విండోస్‌లో చాలాకాలం యూనిస్క్రైబ్ చేసింది ఆ పని, ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో హార్ఫ్‌బజ్ చేస్తుంది. అందుకే మళ్లీ టైప్ చేసే ముందు అదే టెక్స్ట్ నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, అక్కడ బాగుంటే తప్పు గీసే దగ్గరే ఉంది.

అపోహ: మంచి ఫాంట్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఫాంట్‌లో బొమ్మలు, వాటిని కలిపే రూల్స్ ఉంటాయి, కానీ ఆ రూల్స్ చదివి పాటించేది సిస్టమే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' వచ్చిన మెసేజ్ తెరిస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి గుర్తుందా? ఆ అక్షరాల మధ్య కంటికి కనిపించని నాన్-జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే) క్యారెక్టర్ ఒకటి ఉంది, దాంతో కలిపి గీయబోయి సిస్టమ్ తడబడింది. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు, అంతేగానీ మన జ్ఞా మారలేదు.

అపోహ: స్క్రీన్ మీద ఎలా ఉందో ప్రింట్ కూడా అలాగే వస్తుంది.

విండోస్‌లో బొమ్మలు, అక్షరాలు గీసే భాగం జీడీఐ. అందులో ప్రోగ్రామ్ గీసేది డివైస్ కాంటెక్స్ట్ మీద, అంటే ఒక్కో డివైస్‌కి ఇచ్చే పలక లాంటి దాని మీద, అది స్క్రీన్‌దీ కావచ్చు ప్రింటర్‌దీ కావచ్చు. 12 పాయింట్ అక్షరం 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు) స్క్రీన్‌లో 16 పిక్సెల్స్, 600 డీపీఐ లేజర్‌లో 100 చుక్కలు, అంటే ప్రతి డివైస్‌కీ మళ్లీ కొత్తగా గీయాల్సిందే.

వేడితో కాగితం మీద బిల్లు వేసే థర్మల్ ప్రింటర్‌తో అసలు కష్టం. ఒక కిరాణా షాపులో 'పెసరపప్పు' బదులు వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి, ఎందుకంటే మేం డ్రైవర్‌ని పక్కనపెట్టి టెక్స్ట్ నేరుగా పంపాం, ఆ ప్రింటర్ సొంత ఫాంట్‌లో తెలుగే లేదు. అప్పుడు లైన్ మొత్తం సిస్టమ్‌తోనే 384 చుక్కల వెడల్పు బొమ్మగా గీయించి పంపాం. అయినా అంచులు చిరిగినట్టు వచ్చాయి, స్క్రీన్ కోసం వేసే బూడిదరంగు నునుపు ఇక్కడ పనికిరాదు, థర్మల్‌లో చుక్క నల్లగా పడుతుంది లేదా అసలు పడదు. స్మూతింగ్ ఆపేసి, సైజు 8 నుంచి 10 పాయింట్లకి, అంటే 203 డీపీఐలో దాదాపు 28 చుక్కలకి పెంచాకే ఆ ప ఒత్తు చదవగలిగేలా వచ్చింది.